పుష్పమ్మ గుండె నార్మల్

మన యూనివర్సిటీల్లో కొత్త ల్యాబ్ అంటే ముందు బోర్డు వస్తుంది. తర్వాత రిబ్బను, రిబ్బను వెనకాలే ఫొటోగ్రాఫరు. లోపల పెట్టాల్సిన సామాను ఎప్పుడో తీరిగ్గా ట్రాలీ ఆటోలో వస్తుంది, వస్తే. సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే ప్రిసిల్లాకు ఈ వరస చూస్తే ఒళ్లు మండేది. బయోమెడికల్ పిల్లలు ప్రాజెక్టులు చేసుకోవడానికి ఒక ల్యాబ్ పెట్టే పని ఆమెకు అప్పగించినప్పుడు, సామాను వచ్చాకే బోర్డు కొట్టనిస్తానని మొండికేసింది. ఏడాది పాటు స్టోర్సు వాళ్లనూ, పర్చేజ్ కమిటీ వాళ్లనూ నిద్రపోనివ్వలేదు.

గది మూడో అంతస్తులో చివరిది. పాత టీవీ డొక్కులూ, కాళ్లు విరిగిన స్టూళ్లూ పడేసే చోటు. కమిటీ పెద్దలకేమో గోడకు పెద్ద స్క్రీన్, అద్దాల బీరువాలు, ఏసీ కావాలి. ఫొటోలో బాగుంటాయి. ప్రిసిల్లాకు కావలసింది బ్యాటరీలు. మనిషి ఒంటికి తగిలే తీగ, గోడ ప్లగ్గులోని కరెంటుకు ఏ దారిలోనూ తగలకూడదని ఆమె పట్టు. ఒంటికి అంటించే జిగురు బిళ్లలు, మంచి సోల్డరింగ్ ఐరన్లు, కొలత సరిగ్గా చూపించే ఆసిలోస్కోపులు, అన్నీ ఒక్కొక్కటే పోట్లాడి తెప్పించింది. సప్లయర్ పంపిన తీగలు నాసిరకంగా ఉంటే రాంగోపాల్‌పేట్ దుకాణానికి తనే వెళ్లి, కౌంటరు మీద పరిచి, వంచి చూపించి మరీ మార్పించుకొచ్చింది. స్క్రీనూ ఏసీ కూడా వచ్చాయి. అవి రాకుండా ఉంటాయా?

వచ్చిన వాటిలో పిల్లలకు బాగా నచ్చింది ఒక చిన్న డబ్బా. సిమ్యులేటర్ అంటారు. గుండె కొట్టుకున్నప్పుడు మనిషి ఒంట్లో సన్నటి కరెంటు పుడుతుంది కదా, అచ్చం అలాంటిదే ఈ డబ్బా కూడా పుట్టిస్తుంది. పిల్లలు తయారుచేసిన సర్క్యూట్‌ను మనిషికి తగిలించేముందు దీనికి తగిలించి పరీక్షిస్తారు. దీనికి జ్వరం రాదు, ఆయాసం రాదు, ఎప్పుడు చూసినా నిక్షేపంగా ఒకే తీరున కొట్టుకుంటూ ఉంటుంది. అందుకని పిల్లలు దానికి ఆరోగ్యం అంకుల్ అని పేరు పెట్టుకున్నారు.

ఆ పాత సామాను గదిని కడిగి, తుడిచి, ల్యాబ్‌లా నిలబెట్టింది పుష్పమ్మ. మూడో అంతస్తు ఆయమ్మ. చిలకలగూడ నుంచి వస్తుంది. ప్రిసిల్లా ల్యాబ్‌ను "మన ల్యాబ్" అనే మనిషి యూనివర్సిటీ మొత్తం మీద ఆమె ఒక్కతే. కొత్త పెట్టె దిగినప్పుడల్లా పక్కన నిలబడి, "గిదేంది మేడం? గిది దేనికి?" అని అడిగేది. ప్రిసిల్లా విసుక్కోకుండా చెప్పేది. పుష్పమ్మకు సగం అర్థమయ్యేది, మిగతా సగం మేడం చెప్పింది కాబట్టి నమ్మేది. ఈ మధ్య బకెట్టుతో మెట్లెక్కుతూ ప్రతి మలుపు దగ్గరా ఆగి, రెయిలింగ్ పట్టుకుని నిలబడుతోంది. ఎవరైనా అడిగితే గ్యాస్ అంటుంది. ప్రిసిల్లా కూడా చూసింది. లిఫ్టులో రావచ్చు కదా అని ఒకసారి అంది కూడా. లిఫ్టు ఫ్యాకల్టీకి మాత్రమే అని రాసి ఉన్న సంగతి ఆమెకు తట్టలేదు.

ప్రారంభోత్సవం శనివారం పెట్టారు. హెచ్‌ఓడీ యుగంధర్ కొబ్బరికాయ కొట్టాలి, ప్రిసిల్లా ప్రార్థన చేయాలి, చైర్మన్ రిబ్బను కత్తిరించాలి. ఆ తర్వాత డెమో. ఫైనల్ ఇయర్ చదివే నీహారిక తను కట్టిన ఈసీజీ సర్క్యూట్‌ను తన చేతులకే తగిలించుకుని కూర్చుంటే, ఆ పిల్ల గుండె గీత పెద్ద స్క్రీన్ మీద నడవాలి. శుక్రవారం సాయంత్రం అది ఎంత ముచ్చటగా నడిచిందో చెప్పలేం. నీహారిక ఆనందం పట్టలేక గెంతింది. ప్రిసిల్లా వీడియో తీసుకుని ఇంట్లో అమ్మ మేబెల్‌కు కూడా చూపించింది.

శనివారం పొద్దున వచ్చి చూస్తే డెకరేషన్ వాళ్లు ల్యాబ్‌ను పెళ్లిపందిరి చేసి పెట్టారు. బల్లల చుట్టూ సీరియల్ బల్బులు, కిటికీలకు సీరియల్ బల్బులు, ఆసిలోస్కోపుకు బంతిపూల దండ, పక్కనే రెండు పెద్ద స్పీకర్లు. ఆ కరెంటు గోల అంతా నీహారిక సర్క్యూట్‌లోకి దూరింది. గుండె గీత రావలసిన చోట స్క్రీన్ నిండా గడ్డి మొలిచినట్టు ఒకటే రొద. నీహారిక తీగలు మార్చింది, చేతులు కడుక్కుని కొత్త బిళ్లలు అంటించుకుంది. గడ్డి పోలేదు.

"లైట్లు తీసేయండి," అంది ప్రిసిల్లా.

"ఎట్ల తీస్తం మేడం? పొద్దుగాల్నుంచి కట్టినం," అన్నాడు డెకరేషన్ మనిషి. "చైర్మన్ సార్ ఆఫీసోళ్లే గిట్ల కట్టమన్నరు."

ఆ ఆఫీసు వాళ్లకు ఫోన్ చేయబోతుండగానే చైర్మన్ కారు గేటు దాటిందని కబురొచ్చింది. యుగంధర్ చెమటలు తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు. చెడ్డవాడు కాదు. గొడవలంటే గిట్టని మనిషి, అంతే. ఎక్కడ గొడవ వచ్చేలా ఉన్నా పరుగెత్తుకెళ్లి దాని మీద ఒక దుప్పటి కప్పేస్తాడు.

"మేడం, ఆ సిమ్యులేటర్ ఉంది కదా, దాన్ని కలపండి. స్క్రీన్ మీద గీత నడవాలె, అంతే. ఎవరి గుండె అయితే ఏంది చైర్మన్‌కి?"

"అది చీటింగ్ కదా సార్?" అంది నీహారిక చిన్న గొంతుతో. అడిగింది యుగంధర్‌ను, చూసింది మాత్రం ప్రిసిల్లా వైపు.

ప్రిసిల్లా కాదనొచ్చు. ఏడాది పాటు ప్రతిదానికీ కాదంటూనే వచ్చిన మనిషి. ఆ ఒక్క పూట అనలేకపోయింది. ఇంత కొట్లాడి కట్టుకున్న ల్యాబ్ మొదటి రోజే నవ్వులపాలవుతుందని భయపడింది. "ఐదు నిమిషాల డెమోనే కదా నీహారికా. సోమవారం నీ సర్క్యూట్‌నే మళ్లీ పెడదాం," అంది. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని బల్ల కిందికి వంగి, నీహారిక తీగల కొసలు పీకేసి, ఆ చోట ఆరోగ్యం అంకుల్‌ను తన చేత్తోనే కలిపింది. చేతికి అంటించిన తీగలు బల్ల మీదుగా వెళ్తున్నట్టే కనిపిస్తాయి. కిందికి దిగాక ఊరికే వేలాడుతుంటాయి. స్క్రీన్ మీద అందమైన గీత నడవడం మొదలైంది.

చైర్మన్ రిబ్బను కత్తిరించి లోపలికొచ్చి, కుర్చీలో ఉన్న నీహారికను చూసి పెదవి విరిచాడు. "ఈ పిల్లది చూసేదేముంది? చిన్న పోరి. మన స్టాఫ్‌ల ఎవర్నన్న కూసోబెట్టుర్రి," అని చుట్టూ చూశాడు. కత్తెర పళ్లెం పట్టుకుని వెనక నిలబడిన పుష్పమ్మ కంటబడింది. "రామ్మా, నువ్వు రా. ఈ బిల్డింగుకు అసలు ఓనర్లు మీరే గదా!"

అందరూ నవ్వారు. పుష్పమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సిగ్గుపడుతూ వచ్చి కూర్చుంది. నీహారిక తల ఎత్తకుండానే ఆమె చేతులకు బిళ్లలు అంటించింది. అప్పుడైనా ఆపాల్సింది. మైకు ప్రిసిల్లా చేతిలోనే ఉంది. కానీ మైకు చేతికిస్తే ఏ టీచరైనా పాఠమే చెబుతుంది, ఆమె కూడా చెప్పింది.

"ఈ చిన్న బుడిపె చూడండి, ఇది గుండె పై గదులు ముడుచుకోవడం. ఈ ఎత్తైన మొన కింది గదులది. వరస తప్పకుండా వస్తోంది. అంతా నార్మల్. పుష్పమ్మ గుండె చాలా ఆరోగ్యంగా ఉంది."

"పదహారేండ్ల పిల్ల గుండె!" అన్నాడు చైర్మన్. చప్పట్లు మోగాయి, ఫొటోలూ వీడియోలూ తీశారు. పుష్పమ్మ తీగలున్న చేతులనే జోడించి స్క్రీన్‌కు దండం పెట్టింది. ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతుంటే, పాపం సిగ్గుతో ఏడ్చేస్తోందని అందరూ ముచ్చటపడ్డారు.

సోమవారం పుష్పమ్మ స్టీలు డబ్బాలో సేమియా పాయసం తెచ్చింది. ప్రిసిల్లా ముందు పెట్టి, మూత తీసి, చెంచా కూడా తనే చేతికిచ్చింది.

"తినుర్రి మేడం. మొక్కు తీర్చుకున్న."

"ఏం మొక్కు పుష్పమ్మా?"

"మీకు ఎన్నడు చెప్పలే. చానా దినాల సంది ఛాతిల గిట్ల పట్టేసినట్టు అయితుండె. మెట్లెక్కితె ఊపిరాడకపోతుండె. అందరికి గ్యాస్ అని చెప్తున్న గానీ నాకు లోపల్లోపల భయమే. మా ఆయన సుత గ్యాస్ గ్యాస్ అనుకుంట, చాయ్ గిలాస చేతుల ఉండంగనే పోయిండు. పెద్దాసుపత్రిల చూపిచ్చుకున్న. గుండెది ఏమన్న ఉండొచ్చు, పరీక్షలు చేయాలె, ఈ శుక్రారం రా అన్నరు. గా మాట విన్నకాడికెల్లి నాకు బువ్వ సయిస్తలేదు. ఇగ ఇప్పుడు ఏ పరేషాన్ లేదు. మీరే చూసి చెప్తిరి, గంతమంది ముంగట. ఇగ ఆసుపత్రికి ఎందుకు పోత?"

ఒక చెంచా తిన్న ప్రిసిల్లా డబ్బాను పక్కకు జరిపింది.

"లేదు పుష్పమ్మా, శుక్రవారం వెళ్లు. తప్పకుండా వెళ్లు. మాది పిల్లలు నేర్చుకునే మిషను. ఆసుపత్రి మిషను వేరు."

"గట్లెందుకంటరు? ఏడాది కొట్లాడి తెచ్చిన్రు. గివి మంచియి గాకపోతే ఏవి మంచియి?"

"మిషన్లు ఒక్కోసారి తప్పు చూపిస్తాయి."

"మనయి చూపియ్యయి మేడం." ల్యాబ్‌ను ఎవరో తిట్టినట్టు పుష్పమ్మ మొహం ముడుచుకుంది. "మీరు గింత మంచిగ పెట్టుకుంటే ఎట్ల తప్పు చూపిస్తయి?"

నిజం నాలుక కొస దాకా వచ్చింది. అది నీ గుండె కాదు పుష్పమ్మా. అంతే, ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ఆ మాట కోసం నోరు తెరిచి ప్రిసిల్లా, "పాయసం చాలా బాగుంది," అంది. అన్నాక తన గొంతు వింటే తనకే అసహ్యమేసింది.

ఆ వారమంతా ఆమెకు తిప్పలే. మధ్యాహ్నం ల్యాబ్ తలుపు తెరిస్తే యూనివర్సిటీ బస్సు డ్రైవరు హెన్రీ నిలబడి ఉన్నాడు, ఆయన వెనక క్యాంటీన్ రజిత, ఆమె వెనక ఇద్దరు వాచ్‌మన్లు. "మేడం, జెర మా గుండెలు సుత చూడుర్రి. పుష్పమ్మది చూసిన్రంట కదా," అన్నాడు హెన్రీ. ఇది పిల్లల ప్రాజెక్టుల ల్యాబ్, ఇక్కడ అలా చూడకూడదు అని ఆమె చెబితే, వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు. పుష్పమ్మకు చూసి తమకు చూడనంటోందని నొచ్చుకున్నారు. ప్రిసిల్లా నొచ్చుకోలేదా? కానీ ఆమె ఎవరితో చెప్పుకోవాలి?

గేటు దగ్గర ఫ్లెక్సీ కట్టారు. మన విద్యార్థుల ఆవిష్కరణ అని పైన పెద్ద అక్షరాలు. కింద స్క్రీన్ మీద ఆరోగ్యం అంకుల్ గీత, దాని ముందు చేతులు జోడించిన పుష్పమ్మ. పుష్పమ్మ తన బస్తీ ఆడవాళ్లను వెంటబెట్టుకొచ్చి మరీ చూపించింది. ప్రిసిల్లా రోజూ పొద్దున కారు ఆ గేటులోంచే తిప్పాలి. తల పక్కకు తిప్పుకుని పోయేది.

ఇక ఉండబట్టలేక యుగంధర్ గదికి వెళ్లింది.

"సార్, పుష్పమ్మకు నిజం చెప్పేస్తాను. ఆవిడ ఆసుపత్రికి వెళ్లడం మానుకుంటోంది."

యుగంధర్ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. "చెప్తే ఏమైతదో ఆలోచించిన్రా? శనివారం డెమో వీడియో పెట్టే నీహారిక ప్రాజెక్టును పోటీకి పంపినం. పిల్ల భవిష్యత్తు ఖరాబైతది. చైర్మన్‌కు తెలిస్తే ల్యాబ్‌కు తాళం పడ్తది. మీరు ఏడాది పడ్డ తక్లీఫ్ అంతా పాయె. ఆమెను ఆసుపత్రికి పొమ్మని చెప్పండి మేడం, సరిపోతది. ఎందుకో చెప్పే పని లేదు."

"చెప్పాను సార్. మన ల్యాబ్ మీద నమ్మకంతో వెళ్లనంటోంది."

"ఇంకోసారి గట్టిగ చెప్పండి," అన్నాడు యుగంధర్, ఫైలు తెరుచుకుంటూ.

ఆయన మాటలు ఆమెకు నచ్చలేదు. నచ్చకపోయినా వాటిని పట్టుకునే బయటికి వచ్చింది. నీహారిక భవిష్యత్తు, ల్యాబ్ తాళం. చెప్పకుండా ఉండటానికి మంచి కారణాలు దొరికాయి కదా, వాటిని ఎవరు వదులుకుంటారు? శుక్రవారం పొద్దున మూడో అంతస్తుకు వచ్చేసరికి పుష్పమ్మ వరండా తుడుస్తోంది. రెయిలింగ్‌కు ఒక చెయ్యి ఆనించి, ఇంకో చేత్తో తుడుస్తోంది.

"ఆసుపత్రికి పోలేదా పుష్పమ్మా?"

"మళ్ల గదే అడుగుతరేంది మేడం? నా గుండెకేమైందని పోవాలె?" అని నవ్వింది. నవ్వుతూ ఆగి, ఊపిరి తీసుకుంది. "జెర గ్యాస్ ఉన్నది, గంతే."

ఆ ఆదివారం సైనిక్‌పురిలో వాళ్ల చర్చిలో ప్రభువు బల్ల, అందరూ రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు. బల్లకు ముందు అందరూ కలిసి పాపాలు ఒప్పుకునే ప్రార్థన చదువుతారు. ప్రిసిల్లాకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చిన ప్రార్థనే. ఎప్పుడూ ఇట్టే చదివేసేది. ఆ రోజు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. చుట్టూ ఉన్నవాళ్లు ఎవరి పాపాలు వాళ్లు కలగలిపి ఒక్క గొంతుతో ఒప్పుకుంటున్నారు. తనది అందులో కలవదు. తను చేసినది అయిపోయిన పాపం కాదు. చర్చి నుంచి ఇంటికెళ్లాక కూడా జరుగుతూనే ఉంటుంది, పుష్పమ్మ మెట్టెక్కిన ప్రతిసారీ జరుగుతుంది. అందరూ లేచి బల్ల దగ్గరికి వెళ్తుంటే ఆమె బెంచీ మీదే కూర్చుండిపోయింది.

"బల్లకు రాలేదేమే?" అంది మేబెల్ కారెక్కాక. నలభై ఏళ్లు స్కూల్లో పిల్లల మొహాలు చదివిన మనిషి.

"ఒంట్లో బాగాలేదమ్మా."

"ఎవరితోనైనా గొడవా?"

"గొడవేం లేదమ్మా. ఆవిడకు నేనంటే ప్రాణం," అంది ప్రిసిల్లా. అని, స్టీరింగ్ పట్టుకునే ఏడ్చేసింది. సంగతంతా చెప్పింది. విని మేబెల్ ఒక్కటే అడిగింది. "మరి నా దగ్గర ఏడుస్తావేంటి? చెప్పాల్సింది ఆవిడకు కదా?"

అంత విన్నాక కూడా ప్రిసిల్లా నేరుగా వెళ్లి చెప్పలేదు. మనిషి కదా, ఇంకో దారి వెతికింది. సోమవారం లైట్లన్నీ ఆర్పి, ఏసీ కట్టేసి, నీహారిక సర్క్యూట్‌ను బ్యాటరీ మీద పెట్టి, పుష్పమ్మ గుండెను నిజంగానే చూద్దామనుకుంది. గీత బాగుంటే, మైకులో తను చెప్పిన మాట ఆలస్యంగానైనా నిజమవుతుంది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. సరిచూడటం అని దానికి ఒక పేరు కూడా పెట్టుకుంది. అసలు పేరు పిరికితనం. బాగుండాలి, గీత బాగుండాలి అని దారి పొడుగునా ప్రార్థించింది. అది పుష్పమ్మ కోసమో తన కోసమో ఆమెకే తెలియలేదు.

"ఇంకోపారి చూస్తరా? చూడుర్రి, చూడుర్రి," అని పుష్పమ్మ సంబరంగా వచ్చి కూర్చుంది. నీహారిక బిళ్లలు అంటించింది. ఈసారి తీగలు చేరాల్సిన చోటికి చేరాయి. రొద లేదు, గడ్డి లేదు. గీత నడిచింది.

నడిచింది కానీ తడబడుతూ నడిచింది. రెండు మొనలు సరిగ్గా వచ్చి, మూడోది ముందుగా, వెడల్పుగా, వికారంగా వచ్చింది. మొన దిగాక గీత తన చోటికి రావాల్సింది, ఇంకా కిందికి జారి ఉండిపోయింది.

"మేడం, బిళ్ల ఊడిందేమో," అంది నీహారిక. బిళ్లలు మార్చారు. అదే గీత. తీగలు తీసి ఆరోగ్యం అంకుల్‌కు పెట్టారు. చక్కగా వచ్చింది. నీహారిక తన చేతులకు పెట్టుకుంది. చక్కగా వచ్చింది. మళ్లీ పుష్పమ్మకు పెట్టారు. మళ్లీ తడబడింది. సర్క్యూట్ తప్పేమీ లేదు. ఆ గీతకు అర్థమేంటో చెప్పడానికి వాళ్లిద్దరూ డాక్టర్లు కారు, కానీ అది నార్మల్ కాదని చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

"ఏందీ, ఆ దినం గిట్ల రాలే గదా?" అంది పుష్పమ్మ స్క్రీన్ చూస్తూ. "మంచిగ, ముద్దుగ వచ్చింది. గిదేంది గిట్లుంది?"

ప్రిసిల్లా స్క్రీన్ కట్టేసింది. పుష్పమ్మ ముందు స్టూలు వేసుకుని కూర్చుని, ఆమె చేతుల మీది బిళ్లలు ఒక్కొక్కటే మెల్లగా ఊడదీసింది.

"ఆ రోజు వచ్చింది నీ గుండె కాదు పుష్పమ్మా."

"నాది గాకపోతే ఎవలది?"

ప్రిసిల్లా బల్ల మీది చిన్న డబ్బా తీసి చూపించింది. "దీనిది. ఆ రోజు లైట్ల వల్ల మిషను సరిగ్గా పనిచేయలేదు. పరువు పోతుందని దీన్ని కలిపాం. నీ చేతి తీగలు దేనికీ కలపలేదు. తీసేసింది నేనే. నీ గుండె చూడకుండానే నార్మల్ అని చెప్పింది కూడా నేనే."

పుష్పమ్మ డబ్బాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "గిది సామాను గదా మేడం?"

"అవును."

"నేను సామానుకు మొక్కిన్నా?"

నీహారిక వెక్కి వెక్కి ఏడ్చింది. "సారీ ఆంటీ. ఆ వీడియో పోటీలోంచి నేనే తీసేస్తా. నాకొద్దు," అంది. పుష్పమ్మ ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, "నువ్వు ఊకో బిడ్డా, నువ్వేం చేస్తివి," అంది. ప్రిసిల్లా వైపు చూడలేదు. డబ్బాను బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. ల్యాబ్‌లో ఏ వస్తువునైనా అంతే జాగ్రత్తగా పెడుతుంది.

"వారం దినాలు మంచిగ పండుకున్న మేడం," అంది. గొంతులో కోపం లేదు, అదే ప్రిసిల్లాకు భరించరానిదైంది. "మా ఆయన పోయినంక గంత మంచిగ ఎన్నడు పండుకోలే. బస్తీల అందరికి చెప్పుకున్న. ఫొటో సుత చూపిచ్చిన. ఇగ వాళ్లకు ఏమని చెప్పాలె?"

"నేను వచ్చి చెప్తాను."

"ఏమని చెప్తరు? పుష్పమ్మను కూసోబెట్టి తమాష చేసినం అని చెప్తరా?"

"తప్పు చేశాను. నన్ను క్షమించు," అంది ప్రిసిల్లా. ఆ మాటను పుష్పమ్మ తీసుకోనూ లేదు, తోసేయనూ లేదు. "పోదమా మరి ఆసుపత్రికి?" అని లేచింది.

లిఫ్టు దగ్గర యుగంధర్ ఎదురయ్యాడు. "ఎటు మేడం? పదకొండింటికి మీకు క్లాసు ఉంది."

"ఆసుపత్రికి సార్. పుష్పమ్మకు నిజం చెప్పేశాను. సాయంత్రం చైర్మన్‌కు కూడా చెప్తాను. ల్యాబ్‌కు తాళం వేస్తే వేయనివ్వండి."

యుగంధర్ పుష్పమ్మ మొహం చూశాడు. తలుపు మూసుకోకుండా బటన్ నొక్కి పట్టుకున్నాడు, వాళ్లిద్దరూ లోపలికి వెళ్లేదాకా.

కారులో పుష్పమ్మ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ప్రిసిల్లా ఏసీ పెంచనా అంది, నీళ్లు తాగుతావా అంది. పుష్పమ్మ అన్నిటికీ వద్దన్నట్టు తల ఊపింది. పెద్దాసుపత్రిలో చీటీ తీసుకుని, బెంచీ మీద కూర్చుని, పిలిచాక లోపలికి వెళ్లారు. తెర వెనక నర్సు పుష్పమ్మను పడుకోబెట్టి, ఛాతీకీ చేతులకూ కాళ్లకూ తీగలు తగిలించింది. మిషన్లోంచి కాగితం బయటికి వచ్చింది. నర్సు అది చూసి, "లేవకమ్మా, ఇట్లనే పడుకో," అని గబగబా వెళ్లి డాక్టరును పిలుచుకొచ్చింది.

డాక్టరు కుర్రవాడు. కాగితాన్ని వెలుతురుకు పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చూశాడు. "ఇన్ని రోజులు ఎక్కడున్నవమ్మా? మా రికార్డుల శుక్రవారమే రమ్మని రాసి ఉంది కదా? గుండెకు రక్తం సరిగ్గ అందుతలేదు. ఇవ్వాళే అడ్మిట్ కావాలె. మందులు షురూ చేద్దాం, రేపు ఇంకో పరీక్ష చేద్దాం. టైముకు వచ్చినవు, భయపడకు."

పుష్పమ్మ భయపడినట్టు కనబడలేదు. ఆమె కళ్లు ఆ కాగితం మీదే ఉన్నాయి.

"గది నాదేనా సార్?"

"ఏది?"

"గా గీతలు. నాయేనా?"

డాక్టరుకు అర్థం కాక ప్రిసిల్లా వైపు చూశాడు. ప్రిసిల్లా ముందుకు వంగి పుష్పమ్మ చెయ్యి పట్టుకుంది. "నీవే పుష్పమ్మా. నేను ఇక్కడే ఉండి చూశాను. నీవే."

పుష్పమ్మ చెయ్యి విదిలించుకోలేదు. నెమ్మదిగా వెనక్కి తీసుకుంది.

"మీరు జెర ఆగుర్రి మేడం," అంది. "సార్, మీరు చెప్పుర్రి."